ఎనిమిది దినాల జీపు

ఆ రోజుల్లో మా పల్లెలో ఏ వస్తువు కొనాలన్నా ముందు చేత్తో తట్టి చూసేవాళ్ళం. కుండను తట్టేవాళ్ళం, గుమ్మడికాయను తట్టేవాళ్ళం, ఎద్దు వీపును తట్టేవాళ్ళం. ఇప్పుడు జనం తట్టేది ఒక్క ఫోను అద్దాన్నే. మొన్న నా మనవరాలు (తనకల్లులో గొర్రెల దాణా, మందులు అమ్మే అంగడి పెట్టుకుంది, నోరూ బుర్రా రెండూ చురుకే) వచ్చి నా మంచం పక్కన కూచుంది. "జేజినాయనా, డీజిల్ బండి ఒకటి తీసుకుందామనుకుంటాండా. ఏసీ లేదు, పాటలు లేవు. నాలుగు చక్రాలు, ఒక ఇంజను, యెనక తొట్టి, అంతే. మంచిదంటావా, కాదంటావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. అందులో గడ్డం పెంచిన కుర్రవాడొకడు ఆ బండి లాభనష్టాలు చెబుతున్నాడు. సీట్లు గట్టిగా ఉన్నాయని బాధపడ్డాడు. చప్పుడు ఎక్కువని ఇంకా బాధపడ్డాడు. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి గుంత లేదని చెప్పేటప్పటికి వాడి గొంతు పూడుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది. డీజిల్ బండి చప్పుడు చేయక సన్నాయి ఊదుతుందా? పైగా లాభనష్టాలు ఎలా బేరీజు వేయాలో వీడు నాకు నేర్పుతాడట! ఆ పని నేను ఇరవై నాలుగో ఏటనే చేశాను. ఎనిమిది రోజులు, ఒక నోటుబుక్కు నిండా, నా బతుకంతా దాని మీదే పెట్టుకుని చేశాను.

"ఆ ఫోను పక్కన పెట్టు, చెబుతా" అన్నాను. మనవరాలు ఫోను బోర్లించింది. (వాళ్ళ నాయనకు ఆ పాటి మర్యాద కూడా లేదు.)

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా బొరుగుల పొట్లాలు విప్పి చదివిందే. అందుకే నాకు ఏ సంగతైనా సగం బాగా తెలుసు. మిగతా సగం ఇంకొకరి పొట్లంలో పోయింది. మా నాయనకైతే ఒక్క అక్షరం రాదు. కానీ నాలుగు చెనక్కాయలు, అదే వేరుశనగ కాయలు, గుప్పిట పట్టి చెవి దగ్గర ఊపితే చాలు, ఆ బస్తాలో గింజ ఎంత, డొల్ల ఎంత చెప్పేసేవాడు. కదిరి వ్యాపారులు ఆయన గుప్పిటను చూసి జంకేవాళ్ళు. మాకు ఒక జత ఎద్దులు ఉండేవి. వాటి వెనక నేను. పదకొండో ఏట మేడి పట్టిన నాటి నుంచీ లోకంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసింది ఎద్దు తోకనే. ఆ తోక లేని బతుకు ఒకటి కావాలని రోజూ అనుకునేవాణ్ణి.

అప్పుడు మాకు దూరపు చుట్టం ఒకాయన తన పాత డీజిల్ జీపు అమ్మకానికి పెట్టాడు. రోడ్లకు కంకర తోలించే కంట్రాక్టరు కాబట్టి అందరం ఆయన్ని కంకర మామ అనేవాళ్ళం. ఆయన దగ్గర రెండు నెలలు పనికి పోయినప్పుడు ఆ జీపు మీదే నేను బండి నేర్చుకున్నాను. తలుపులు లేవు, పైన కాన్వాసు గుడ్డ, వెనక రెండు పక్కలా ఇనుప బెంచీలు. నా కంటికి అది రథం. ఎద్దులను అమ్మేసి జీపు కొందామని, దుక్కికి బాడుగ ట్రాక్టరు పిలుచుకుందామని, నేను కదిరికి ట్రిప్పులు కొడతానని నాయనకు చెప్పాను. నాయన మూడు రోజులు ఎద్దుల చుట్టూనే తిరిగాడు. నాలుగో రోజు అన్నం ముందు కూచుని అన్నాడు.

"ఎద్దుల్ని కొంటే ఏం జేస్తామప్పా? ఇంటికి తోలుకోనొచ్చి ఎనిమిది దినాలు దున్ని చూస్తాం. నచ్చితే కట్టేసుకుంటాం, నచ్చకుంటే తోలేస్తాం. దీన్ని గూడా అట్లే చూద్దాం."

"జీపు ఎద్దు కాదు నాయనా!"

"కాదు కాబట్టే ఇంకా బాగా చూడాల."

ఆ మాట విని కంకర మామ పడీ పడీ నవ్వాడు. తర్వాత ఆ జీపును అడగడానికి ఇంకెవరూ రాలేదని గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆపి తాళం చేతికిచ్చాడు. నేను ఇంటి ముందు ఆపగానే నాయన పైపంచె నడుముకు బిగించి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్టు ఎత్తించి లోపలికి చూశాడు, ఎద్దు నోరు తెరిచి చూసినట్టే. టైరు ముందు గొంతుకూచుని దాని గాళ్ళలో వేలు పెట్టాడు. "పండ్లు అరిగిపోయినాయి. వయసైపోయిన సరుకు" అన్నాడు. బానెట్టు మీది సొట్టను, ఎద్దు ఒంటి మీది సుడిని చూసినట్టు చాలాసేపు చూసి, అది కీడు సుడా కాదా అని నన్నే అడిగాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊరంతా చుట్టూ చేరి వింటోంది మరి.

చివరికి ఒక ఏర్పాటు చేశాడు. నేను నోటుబుక్కు పెట్టుకుని, ఎడమ పుటలో జీపు చేసిన మంచి, కుడి పుటలో చెడ్డ, ఏ పూటకా పూట రాయాలి. "నాకు చదవను రాదు. అయితే ఏ పక్క నిండిందో నా కండ్లకు కనపడుతుంది. ఎడమ పక్క నిండితే ఎద్దులు సంతకు పోతాయి. కుడి పక్క నిండితే జీపు ఎనక్కి పోతాది, నువ్వు మళ్ళా మడక దున్నను పోతావు." ఇంతకంటే స్పష్టమైన తీర్పు ఏ కోర్టులోనూ ఉండదు.

మొదటి రోజు నిజాయితీగానే రాశాను. ఎడమ పక్క: దారి లేని చోట కూడా పోతుంది. ఏది విరిగినా తీగతో కట్టుకోవచ్చు. కుడి పక్క: పొద్దున్నే ఇంజను లేవదు, బ్యాటరీ నామమాత్రం. మిట్ట మీద ఆపి కిందికి దొర్లించాలి, లేదా పదిమంది తోయాలి. న్యూట్రల్లో పెడితే నాలుగు దగ్గులు దగ్గి చచ్చిపోతుంది. పొగ. దుమ్ము. నడుము. సాయంత్రానికి కుడి పుట నిండి ఇంకో పుటలోకి పాకింది. రెండో రోజు నుంచి (ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు?) ఎడమ పక్క అక్షరాలు గోడ మీద ఓటు రాతల మాదిరి, కుడి పక్క అక్షరాలు చీమల బారు మాదిరి రాయడం మొదలుపెట్టాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు. అక్షరాన్ని సాగదీశానంతే.

అయినా కుడి పుట నిండుతూనే వచ్చింది. అందులో జీపు తప్పు తక్కువ, మా ఊరి తప్పు ఎక్కువ. జీపు వచ్చిందని తెలిశాక కాళ్ళున్న వాళ్ళందరికీ ఒక్కసారిగా కాళ్ళ నొప్పులు వచ్చాయి. సంతకు పోతే పద్నాలుగు మంది, రెండు పొట్టేళ్ళు. ఒకాయన పెళ్ళిచూపులకు జీపు కావాలన్నాడు. పోయాం. అక్కడ పిల్ల వాళ్ళు "ఈ జీపు ఎవురిది?" అని అడిగితే ఆ మహానుభావుడు నోరు మూసుకుని నవ్వాడు. నేను నిజం చెప్పేసరికి నాకు కాఫీ కూడా ఇవ్వలేదు. అన్నిటికంటే మా పెద్దమ్మ. ఆమె మా నాయనకు వదిన, ముందు సీటు ఎక్కితే దిగేది కాదు. జీపు నిలబడి ఉన్నా వచ్చి కూచుని చేటలో బియ్యం ఏరుకునేది.

"పెద్దమ్మా, దిగు. బండి తుడవాల."

"తుడుచుకోప్పా, నేనేమన్నా అడ్డమా? ఈడ గాలి బాగుండాది. ముందు సీటు నాది, నువ్వు ఆ పక్క తుడుచుకో."

ఐదో రోజు ఒక మేక కాన్వాసు పైకెక్కి, గుడ్డ చిరిగి, సరిగ్గా పెద్దమ్మ చేటలో దిగింది. మేకను తిట్టలేదు ఆమె. నన్ను తిట్టింది. చిరిగిన గుడ్డను రాయడానికి కుడి పుటలో చీమంత చోటు కూడా లేదు.

ఏడో రోజు నా అదృష్టం కొద్దీ తెల్లవారుజామున వాన పడింది. మా నేలలో పదును రెండు రోజులు ఉంటే ఎక్కువ. అంతలో విత్తనం పడకపోతే ఆ ఏడు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఊళ్ళో ఎవరి దగ్గరా విత్తనానికి చెనక్కాయ లేదు. కదిరిలో సర్కారు వాళ్ళు ఇస్తున్నారు, బస్సు చూస్తే మధ్యాహ్నం దాకా లేదు. ఊరు మొత్తం నా జీపు వైపు చూసింది. ఎక్కగలిగినంత మంది ఎక్కారు. పెద్దమ్మ అప్పటికే ముందు సీట్లో ఉంది, దారిలో ఉన్న కూతురి ఊళ్ళో తిరిగి వచ్చేటప్పుడు దిగుతానంది.

కదిరిలో జాగ్రత్తగా మిట్ట మీదే ఆపాను. వరసలో నిలబడి, బస్తాలు చేతికి వచ్చి, బయటికి వచ్చి చూస్తే, దారికి అడ్డంగా ఉందని ఎవరో పుణ్యాత్ములు జీపును దొర్లించి చదునులో పెట్టి ఉన్నారు. ఇక చూడండి. మా వాళ్ళు చాలక, వరసలో ఉన్న పక్క ఊళ్ళ వాళ్ళు కూడా చోటు పోగొట్టుకుని, ఇరవై మంది తోశారు. ఇంజను పట్టుకుంది. ఆపితే చస్తుంది కాబట్టి నేను ఆ చదునులోనే గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను. మా వాళ్ళు పక్కనే పరిగెడుతూ బస్తాలు ఎత్తి లోపల పడేశారు. ఆ తర్వాత తమను తాము పడేసుకున్నారు. పెద్దమ్మ ప్రతి చుట్టుకూ చేయి బయట పెట్టి "ఆ బస్తా మాది! ఆ బస్తా మాది!" అని అరుస్తూనే ఉంది.

దారిలో ఆమె కూతురి ఊరు వచ్చింది. కూతురు చెంబుతో రోడ్డు మీదే నిలబడి ఉంది.

"ఆపరా! నా కూతురి ఊరు దాటిపోతాండాది రా!"

"ఆపితే మళ్ళా కదలదు పెద్దమ్మా! పదును పోతాది!"

కూతురు ఒక్క క్షణం కనిపించి దుమ్ములో కలిసిపోయింది. పెద్దమ్మ మెడ తిప్పి చూసి, కొంగు సర్దుకుని, "చూసినాలే. బాగుండాది. రోంత చిక్కింది, అంతే" అంది.

ఆ పొద్దే ఊరంతా గొర్రు కట్టి విత్తింది. ఆ సాయంత్రం నేను ఎడమ పుటలో ఒకే ఒక్క వాక్యం రాశాను, పుట నిండా: 'పదును పోకముందే విత్తనం తెచ్చింది.'

ఎనిమిదో రోజు పొద్దున నాయన అరుగు మీద నోటుబుక్కు పరిచాడు. ఎడమ పుటలను జాన పెట్టి కొలిచాడు. కుడి పుటలను కొలిచాడు. ఎడమే గెలిచింది. నాకు ఒళ్ళంతా పొంగింది, మనసులో ఎద్దు తోకకు దండం పెట్టేశాను. నాయన లోపలికి పోయి, మిగిలిన విత్తనకాయలో లావుపాటి కాయ ఒకటి ఏరి తెచ్చి నా చెవి దగ్గర ఊపాడు.

"ఏమంటాండాది?"

"గలగలమంటాండాది."

"అంటే?"

"కాయ పెద్దది. గింజ సన్నం."

"నీ ఎడమ పక్క అట్లే ఉండాదప్పా. నువ్వు అబద్ధం రాసేవాడివి కాదు, నాకు తెలుసు. కానీ ఆ పక్కేమో తేరుకు కట్టిన బొమ్మల మాదిరి, ఈ పక్కేమో చీమల మాదిరి! అక్షరాలు రానోడికి అక్షరాల సైజు గూడా తెలీదనుకుంటివా?"

"విత్తనం తెచ్చింది జీపే కదా నాయనా!"

"తెచ్చింది. అదొక్కటి నిండు కాయ. కానీ దాన్ని లేపింది ఇరవై మంది. నా ఎద్దుల్ని పొద్దున్నే లేపేదానికి నేనొక్కణ్ణి చాలు."

జీపు వెనక్కి పోయింది. నేనే తోలుకుపోయాను. ఊరంతా నాయనను తిట్టింది. పెద్దమ్మ అయితే ముందు సీటు దిగనే లేదు. చేసేదేమీ లేక ఆమెతోనే పోయాను. ఈసారి ఆమె కూతురి ఊళ్ళో మంచి మిట్ట చూసి ఆపి దింపాను. దిగి, బానెట్టు మీది సొట్టను చేత్తో ఒకసారి తట్టి, కూతురింటి వైపు పోయింది.

తర్వాత రెండేళ్ళూ వాన లేదు. మేత లేక ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. ఒకరోజు నాయనే వాటిని సంతకు తోలుకుపోయి, భుజం మీద ఉత్త పగ్గాలు వేసుకుని తిరిగొచ్చాడు. తోక లేని బతుకు వచ్చింది నాకు. కానీ ఆ సాయంత్రం ఉత్త కొట్టాన్నే ఊడ్చి వచ్చాను. నాయన అరుగు మీద కూచుని, "ఆ బుక్కు ఉండాదా?" అన్నాడు. తెచ్చాను. మళ్ళీ ఎక్కడ దొరికిపోతానోనని, బుద్ధిగా కుడి పుట నుంచే మొదలుపెట్టాను.

"అది కాదప్పా" అన్నాడు నాయన. "పెద్ద అక్షరాలు చదువు."

చదివాను. విత్తనం తెచ్చిన పుట రెండుసార్లు చదివించుకున్నాడు. మరునాడు కంకర మామ దగ్గరికి పంపాడు. జీపు అప్పటికే మడకశిర వైపు ఎవరికో వెళ్ళిపోయింది.

"కథ బాగుండాది" అంది మనవరాలు, విసుగు దాచుకోకుండా. "ఇంతకూ నన్ను తీసుకోమంటాండావా, వద్దంటాండావా? ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాటలో చెప్పే మనిషినైతే ఇంతసేపు ఎందుకు చెబుతాను? కాగితం తెమ్మన్నాను. మధ్యలో గీత గీసి, ఎడమ పక్క మంచి, కుడి పక్క చెడ్డ, అరగంట సేపు నిష్పక్షపాతంగా రాసిచ్చాను. ఆమె కాగితాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, కిటికీ వెలుతురులో పెట్టింది.

"జేజినాయనా, ఈ కుడి పక్కది చదవల్లంటే నాకు బూతద్దం కావాల."

"నాకు కండ్లు సరిగ్గా కనపడవు తల్లీ. ఏదో రాసినా."

"కండ్లు కనపడనోళ్ళు ఇంత చిన్నగా రాస్తారా?"

అద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ కూచున్నాను. నా ఇరవై నాలుగో ఏటి ఆ దొంగ ఇంకా నా వేళ్ళలోనే కాపురం ఉన్నాడన్నమాట. నాయన ఉంటే వాణ్ణి ఒక్క ఊపు ఊపి పట్టుకునేవాడు. మనవరాలు కాగితం మడిచి రవికలో పెట్టుకుని, నవ్వుతూ, రేపు బండిని చూడటానికి పోతున్నానని చెప్పి లేచింది.

"నన్ను గూడా పిలుచుకోని పో" అన్నాను వెనక నుంచి. "ముందు సీటు నాది."