నేను చూడని మూడు కామెంట్లు

బ్లాగు మానేయాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. బాపట్లలో ఉద్యోగం వచ్చింది. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి రావాలి. ఇంట్లో కవల ఆడపిల్లలు పుట్టారు. ఆ మరుసటేడు అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయింది. వచ్చేవారం రాద్దాం, పండగయ్యాక రాద్దాం అనుకుంటూ ఉండగానే నాలుగేళ్లు గడిచిపోయాయి.

అది చేత్తో రాసిన షాపు బోర్డుల గురించి నడిపిన బ్లాగు. మా అబ్బా, అంటే మా నాన్న, తెనాలిలో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, మిగిలిన బోర్డులైనా ఫోటోలు తీసి పెడదామని మొదలుపెట్టాను. చుండూరు, కొలకలూరు, బాపట్ల, రేపల్లె తిరిగి ఫోటోలు తెచ్చేవాణ్ణి. అబ్బా వాటిని చూసి ఒక్కోదాని కథ చెప్పేవాడు. రేకు ఎక్కడ కొన్నారో, షావుకారు ఏ రంగు కావాలని పట్టుబట్టాడో చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. పెట్టేముందు ప్రతిదీ ఆయనకి చదివి వినిపించేవాణ్ణి. కళ్లు మూసుకుని వినేవాడు. అక్కడక్కడ ఆపి, "ఆకుపచ్చ కాదు, నీలం" అని దిద్దేవాడు.

వాటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది రేపల్లెలో ఒక బట్టల కొట్టు బోర్డు. ఆ అక్షరాల తలకట్లు పడవ ముక్కుల్లా పైకి లేచి ఉంటాయి. కింద మూల అబ్బా సంతకం ఉంటుంది. సముద్రం లేని ఊరివాడికి ఈ తలకట్టు ఎలా తోచిందని అడిగితే, "నిజాంపట్నంలో పడవలు చూశాను బేటా" అన్నాడు. మూడు రోజులు ఎండలో పని సాగిన సంగతి కూడా చెప్పాడు. నేను దాని మీద రెండు పేజీలు పొంగిపోతూ రాశాను.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం పిల్లలు పడుకున్నాక, మధ్యాహ్నం కూర్చుని బ్లాగు తెరిచాను. పాస్‌వర్డు గుర్తు తెచ్చుకోవడానికే చాలాసేపు పట్టింది. నేను ఒప్పుకుంటే తప్ప కామెంట్లు బయటికి కనపడకుండా అప్పట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాను. అలా ఆగిపోయినవి వందల్లో ఉన్నాయి. చాలావరకు ప్రకటనల చెత్త. తీసేస్తూ పోతుంటే తెలుగులో మూడు కనిపించాయి. మూడూ ఒకే ఆవిడ రాసినవి.

మొదటిది నేను బ్లాగు వదిలేసిన ఏడాదిది. "నమస్కారమండి. రేపల్లె బట్టల కొట్టు బోర్డు గురించి బాగా రాశారు. చిన్న సవరణ. అది రాసింది మా నాన్న. పడవల మీద పేర్లు రాసేవాడు. మీ నాన్నగారిని అడగండి, ఆయనకి గుర్తుంటుంది."

రెండోది ఇంకో ఏడాది తర్వాత. "నా కామెంటు కనపడట్లేదండి. మా నాన్నకి చూపిద్దామని తెరిచి చూస్తున్నాను. తీసేశారా?"

మూడోది చిన్నది. "మా నాన్న పోయిన నెల చనిపోయాడు. ఇక మీరు పెట్టినా పెట్టకపోయినా ఒకటేనండి."

ముందు కోపం వచ్చింది. ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. అబ్బా పక్క గదిలోనే పేపరు చదువుకుంటున్నాడు. లేచి వెళ్లి అడిగితే అయిపోయేది. అడగలేదు. ఎందుకో భయమేసింది. ఆమెకి క్షమాపణ చెబుతూ, వచ్చి కలవొచ్చా అని జవాబు రాశాను. రెండు రోజులకి, "రండి. బస్టాండు పక్కన జిరాక్స్ షాపు నాదే" అని రాసింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. ఆమెకి నా వయసే ఉంటుంది. భర్త చేపల వేటకి వెళ్తాడట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించి, బీరువాలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసింది. అందులో గళ్లు గీసి, పెన్సిల్‌తో ఆ బోర్డు మొత్తం వేసి ఉంది. పడవ ముక్కు తలకట్లు ఒకటికి నాలుగుసార్లు చెరిపి దిద్దిన గుర్తులున్నాయి.

"తెనాలి పెయింటరు రాశాడంటేనే షాపులవాళ్లు ఒప్పుకునేవాళ్లంటండి," అంది. "పడవలోళ్లు బోర్డులేం రాస్తారనేవాళ్లంట. అందుకని మీ నాన్నగారు పని మాట్లాడేవారు, మా నాన్న రాసేవాడు."

ఆమె పుస్తకంలోంచి ఒక పోస్టు కార్డు తీసి చేతికిచ్చింది. చదవకముందే ఎవరి చేతిరాతో తెలిసింది. "బోర్డు బ్రహ్మాండంగా కుదిరింది. షావుకారు మెచ్చుకున్నాడు. సంతకం నాది పెట్టేశాను. ఏమీ అనుకోకు."

"మా నాన్న ఏమీ అనుకోలేదండి," అంది ఆమె. "మీరు రాసింది ఫోన్లో చదివి వినిపిస్తే నవ్వాడు కూడా. నాకే మనసు ఒప్పలేదు. మీరన్నా ఒక మాట రాస్తారేమోనని చూశాను అన్నయ్యా."

కార్డు ఫోటో తీసుకుని వచ్చేశాను. సాయంత్రం అబ్బా వరండాలో కూర్చుని ఉన్నాడు.

"రేపల్లె వెళ్లొచ్చాను అబ్బా."

"ఏంటి పని?"

ఫోన్ చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చూశాడు. నాలుగు వాక్యాల కార్డుని చాలాసేపు చదివాడు.

"ఉన్నాడా?"

"లేడు. పోయాడు."

ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "నా పేరు లేకపోతే వాడికి ఆ పని దొరికేది కాదు," అన్నాడు.

"నేనడిగేది అది కాదు. నేను చదివి వినిపిస్తుంటే ఎందుకు ఆపలేదు? రంగు తప్పు రాస్తే ఆపావు కదా."

"నువ్వంత సంతోషంగా చదువుతుంటే ఎలా చెప్పను బేటా?"

"పడవలు చూసి నేర్చుకున్నానన్నావు."

"చూశానన్నాను. నేర్చుకున్నానని నువ్వు రాశావు."

ఆ మాట నన్ను కోసేసింది, ఎందుకంటే అది నిజం. ఆయన సంతకం ఒక్కటే పెట్టాడు. మిగతా అబద్ధమంతా నా చేత, నా మాటల్లో రాయించాడు. నేను ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి దానికి ఫోటోలు కూడా అతికించాను.

"ఇంకెన్ని ఉన్నాయి అట్లాంటివి?" అని అడిగాను.

"గుర్తులేదు," అన్నాడు. గుర్తులేకపోవడం కాదది. ముప్పై ఏళ్ల కిందటి రేకు ఎక్కడ కొన్నాడో చెప్పగలిగిన మనిషి.

ఆ వారం రైల్లో ఫోన్‌లోనే రాసుకుంటూ వెళ్లాను. పాతది చెరపలేదు. దాని పైన ఆమె మూడు కామెంట్లూ ఉన్నవి ఉన్నట్టు పెట్టి, వాటి కింద ఆమె తండ్రి పూర్తి పేరుతో ఆ బోర్డు కథ మళ్లీ రాశాను. నా ఆలస్యానికి సాకులు చెప్పుకోలేదు. పెట్టిన సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందండి," అంది. "అది సరిచేయండి చాలు."

సరిచేశాను. ఇది మాత్రం అబ్బాకి చదివి వినిపించలేదు. ఆయన అడగలేదు. ఇద్దరం కలిసే భోంచేస్తాం, పిల్లల గురించి మాట్లాడుకుంటాం. బోర్డుల మాట ఎవరం ఎత్తం.

బ్లాగు మళ్లీ నడుస్తోంది. మొన్న బాపట్లలో ఒక టిఫిన్ హోటల్ బోర్డు ఫోటో తీశాను. ఎవరు రాశారండీ అని యజమానిని అడిగితే, "మా మావయ్యేనండి," అన్నాడు గర్వంగా. పేరు రాసుకున్నాను. అయినా ఆ వీధిలో ఇంకో ఇద్దరిని అడిగి తెలుసుకున్నాకే దాన్ని బ్లాగులో పెట్టగలిగాను.