స్వాతి కిటికీ దగ్గర నాన్న

స్వాతి అంటే నాకు కుళ్ళని మా ఇంట్లో అందరూ అంటారు. టెన్త్ లెక్కల్లో దానికి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయని ఓర్వలేకపోయానట. కుళ్ళు నిజమే. మార్కుల సంగతే వాళ్లు తప్పుగా అనుకున్నారు.

ఈరోజు నరసన్నపేటలో జిరాక్స్ షాపు ముందు వేడి కాగితం వాసన తగిలి ఆగిపోయాను. లోపల నాన్న ఒక్కరే, స్వాతికి ఏళ్లుగా మిగిలిపోయిన డిగ్రీ పరీక్ష కోసం, స్లిప్పులకని చిన్న అక్షరాల మినీ జిరాక్స్ తీయిస్తున్నారు. మన కాలంలో టెన్త్ పరీక్ష సెంటర్లు గుర్తున్నాయా మీకు? గోడ మీద వరసగా నిలబడ్డ నాన్నలు, బావలు, రాళ్లకు చుట్టి లోపలికి విసిరే స్లిప్పులు?

స్వాతి మా బాబాయి కూతురు, మా ఇంట్లోనే ఉండి చదివింది. లెక్కల పరీక్ష రోజు ఇద్దరిదీ ఒకటే గది. నాన్న లుంగీ ఎగ్గట్టి, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ, "ఒలే స్వాతీ, ఇటు సూడే" అన్నారు. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. పక్క బెంచీలో ఉన్న నా వైపు చూడనైనా లేదు. ఇంటికొచ్చి అడిగితే, "నీకేటమ్మా, నువ్వు రాసీగలవు" అన్నారు.

నాకు స్లిప్పు అక్కర్లేదు. ఆ కిటికీలోంచి ఒక్కసారి నా పేరు వినపడితే చాలనుకున్నాను. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే స్వాతికి సెంటరు పడింది. షాపులో నాన్న నన్ను చూసి, కాగితాలు మడుస్తూ, "రేపు దాని గదిలో డూటీ నీదేనట కదా. సూసీ సూడనట్టు ఉండమ్మా, సెల్లి కదా" అన్నారు.

రేపు దాని దగ్గరున్న స్లిప్పులన్నీ తీసేసుకుంటాను. ఆ మాట నాన్నకు అక్కడే చెప్పేశాను.