కళ్లం తొక్కిన ఆట

తెల్లదొరల పాలన ఇంకా పోని రోజులు. రాచర్ల పక్క మా ఊళ్లో ఆడపిల్లల అల్లరి అంటే ముందు నా పేరే చెప్పేవాళ్లు. కాదనను. చిరగని పరికిణీ నాకు ఒక్కటీ లేదు.

జొన్న కోతలకు ముందు కంకులు నూర్చే కళ్లం సిద్ధం చేయాలి. నేల చెక్కి, నీళ్లు చల్లి, గొర్రెల మందతో తొక్కిస్తే గట్టిపడుతుంది. ఆ ఏడాది మందలన్నీ నల్లమల వైపు మేతకు పోయాయి. రోజూ కర్ర పట్టుకుని మమ్మల్ని తరిమే తాత ఆ పొద్దు తానే పిలిచాడు.

"ఏంది అట్ల నిలబడినారు? దిగండి. చెడుగుడు ఆడతారో, కొట్టుకుంటారో మీ ఇష్టం. నేల గట్టిపడాల."

మేం ఏడుగురమే ఉన్నాం, రెండు జట్లు కావడానికి ఒకరు తక్కువ. నేల చెక్కడానికి వచ్చిన కూలామె వెంట ఆమె కూతురు ఉంది, నా ఈడుదే. కిరస్తానీ పల్లె పిల్ల. తాకకూడదని ఆ పిల్లను ఎప్పుడూ మా ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. కానీ తాతకు కళ్లం తొందర.

"ఆ పిల్లను గూడా దిగమను," అన్నాడు.

ఏం బలం ఆ పిల్లది. కూతకు వచ్చినప్పుడు నేను కాళ్లు వాటేసుకుంటే, నన్ను మట్టిలో ఈడ్చుకుంటూనే గీత దాటింది. మోచెయ్యి గీరుకుపోయినా నాకు నవ్వే వచ్చింది. నన్ను అంత బాగా ఓడించినవాళ్లు అంతవరకూ లేరు.

మూడు రోజులు ఆడాం. మూడో సాయంత్రం తాత మడమతో నేలను తన్ని చూశాడు. "రాయి అయిపోయింది. ఇంక చాలు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కళ్లం గట్టిపడితే ఆ పిల్లను ఇంక ఎవరూ పిలవరు.

ఆ పిల్లను తాకి వచ్చానని, ముందు రెండు రోజులూ చేసినట్టే, అవ్వ నన్ను ఇంట్లోకి రానివ్వకుండా బావి దగ్గర తల మీద నీళ్లు పోసింది. ఆ పిల్ల అంతే మట్టితో దూరంగా నిలబడి ఉంది. మా బావిని వాళ్లు ముట్టుకోకూడదు. నాకు ఒళ్లు మండింది. బొక్కెన లాక్కుని మిగిలిన నీళ్లన్నీ ఆ పిల్ల మీదికి విసిరాను. ఆ పిల్ల కిలకిలా నవ్వబోయి, అవ్వను చూసి ఆగిపోయింది.

అవ్వ నన్ను తిట్టలేదు. ఇంకో బొక్కెన తోడి, ఎత్తుగా పట్టుకుని, ఆ పిల్ల చేతుల మీద, కాళ్ల మీద పోసింది.

"రేపు గూడా రామ్మా," అంది. "కళ్లం ఇంకా మెత్తగానే ఉండాది."