నాన్నగారి కాలూ, సీలు వేసిన కవరూ

నాన్నగారికి కుడికాలి బొటనవేలి కింద షుగరు పుండు లేచి నాలుగు నెలలైనా మానలేదు. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని మా అందరికీ బెంగ. కాకినాడ డాక్టరుగారు, కొత్త లేపనం పాతదానికంటే మేలో కాదో తేల్చే పరీక్ష ఒకటి జరుగుతోందన్నారు. సగంమందికి కొత్తది, సగంమందికి పాతది ఇస్తారట. ఎవరికి ఏదన్నది సీలు వేసిన కవరు చెబుతుందట.

నాకు ఒళ్ళు మండింది. రావులపాలెంలో మాకు తెలిసిన ముగ్గురు ఆ కొత్తది హైదరాబాదు నుంచి తెప్పించుకుని రాసుకుంటే ముగ్గురికీ మానింది. మేమూ తెప్పించుకుంటాం, ఈ లాటరీ ఎందుకని అడిగేశాను.

“హైదరాబాదు నుంచి మందు తెప్పించుకోగలిగినోళ్ళు, కాలు కింద పెట్టకుండా కూర్చోనూ గలరండీ. మానింది మందు వల్లో, కూర్చున్నందువల్లో ఎలా చెప్తామండీ?” అన్నారాయన.

లెక్కల టీచర్ని, ఆ మాట నచ్చేసింది. సంతకం పెట్టమని నాన్నగారికి చెప్పింది నేనే. “ఆయ్, అలాగేనండి” అని ఆయన పెట్టేశారు.

మా ఇంట్లో మాత్రం ఆ కవరు వేరేగా అర్థమైంది. ఏటా జనవరి ఒకటిన చర్చిలో వాగ్దానం కార్డు తీస్తాం. చేతికి ఏ వాక్యం వస్తే, ఆ ఏడాదికి అదే దేవుడు మనకిచ్చిన మాట. ఇదీ అలాంటిదేనని అమ్మ తేల్చేసింది. కవరులో పాత మందు వచ్చింది. నా మొహం మాడిపోయింది. నాన్నగారేమో, దేవుడు పాతదాంతోనే మాన్పుతానన్నాడని పొంగిపోయి, ఆ ఆదివారమే కృతజ్ఞత చెప్పుకోవడానికి చర్చికి బయలుదేరారు. మా చర్చిలో చెప్పులు గేటు దగ్గరే విప్పాలి. మే నెల ఎండ, సిమెంటు ఆవరణ, షుగరుతో మొద్దుబారి చురుకు తెలియని పాదం. సాయంత్రానికి పుండు పక్కనే బొబ్బ లేచింది.

నెల తిరక్కుండా వేలు తీసేశారు.

సిమెంటు వల్ల పోయిందా, పాత మందు వల్లా? కొత్తది వచ్చి ఉంటే ఇంట్లోనే కూర్చునేవారా, లేక ఇంకా సంబరంగా వెళ్ళేవారా? నాకిప్పటికీ పాలుపోదు. ఒక్క మనిషిని చూసి చెప్పలేమనీ, అందరి ఫలితాలూ కలిపితేనే తెలుస్తుందనీ డాక్టరుగారు అన్నారు. నిజమే. ఆ నిజం మీదే నాకు కోపం.

మొన్న కట్టు మారుస్తుంటే, తన ఫలితం కూడా అందులో కలుపుతారా అని నాన్నగారు అడిగారు. కలుపుతారన్నాను.

“మరి చర్చికెళ్ళిన సంగతి డాక్టరుగారికి చెప్పేవా అమ్మా? లేకపోతే పాపం, ఆ పాత మందుకి చెడ్డపేరొచ్చేస్తాది.”

చెప్పలేదు. ఆ రోజు ఆయన్ని బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది నేనే.