ముందు బల్ల మీద చోటు

బ్యారేజీ కట్టాక గోదావరిఖని దగ్గర నదిలో ఏడాదంతా నీళ్లుంటున్నాయి. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మా ఆయన, ఆయన ఈడువాళ్లు కలిసి ఒక పాత పడవను బాగుచేయించి పడవ సంఘం పెట్టుకున్నారు. శనివారం పొద్దున ముందు ఒడ్డు శుభ్రం చేయాలి, తర్వాతే పడవ ఎక్కాలి. చెత్త సంచి ముందుగా నింపిన ఇద్దరికి ముందు బల్ల, చేతికి తెడ్డు. మిగతావాళ్లు వెనక ఊరికే కూర్చోవాలి.

ఆడవాళ్లలో నేను, మా ఎదురు క్వార్టరామె మాత్రమే పోయేవాళ్లం. ప్రతి వారం ముందు బల్ల మీద మా ఆయన, పక్కన ఆమె. వెనక నేను. ఆ రెండు వీపులు ఒక్కసారే వంగడం, ఒక్కసారే లేవడం చూస్తూ కూర్చునేదాన్ని. మనవలను ఎత్తుకున్నదానికి ఈ కుళ్లేమిటని ఎవరైనా అంటే అననీ. ఆయన పక్క చోటు నాది.

నా సంచి ఎందుకు నిండదో నాకు తెలుసు. మా ఒడ్డున సగం చెత్త బట్టలే. దినాలు చేసినవాళ్లు పోయినవాళ్ల చీరలు, పంచెలు, దుప్పట్లు అక్కడే విడిచి వెళ్తారు. మైల అని మేం ముట్టం. ఆమె చర్చికి పోయే మనిషి, ఆ పట్టింపు లేదు. రెండు దుప్పట్లు కుక్కితే ఆమె సంచి నిండేది. మా ఆయన కవర్లే ఏరినా చెయ్యి చురుకు. నేనేమో నిదానంగా ప్లాస్టిక్ కవర్లు ఏరేదాన్ని. మంచి డబ్బా కనబడితే ఉప్పుకో పప్పుకో పనికొస్తుందని అదీ పక్కన పెట్టుకునేదాన్ని.

ఒక శనివారం ఇక ఓర్వలేకపోయాను. నీళ్లలో నానుతున్న దుప్పటిని రెండు చేతులతో లాగాను. మా ఆయన చూశాడు.

"అవి ముడితే తానం చెయ్యాలె."

"చేస్త. నీళ్లు ముంగటనే ఉన్నయి గద" అన్నాను.

సంచి నింపి, కట్టుచీరతోనే నదిలో మునిగి, నీళ్లు కారుతుండగానే పోయి ముందు బల్ల మీద కూర్చున్నాను. ఆయన సంచి ఇంకా సగంలోనే ఉంది. ఆమెది నిండింది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది, ఆయన వెనక్కి పోయాడు. అంత దూరం నేను ఆలోచించలేదు.

ఆ కోపమంతా తెడ్డు మీద చూపించాను. నా ఊపుకు పడవ ఆమె వైపు తిరిగి, ఒక చుట్టు చుట్టి, తుంగలో ఇరుక్కుంది. వెనకవాళ్లు నవ్వారు. బొగ్గు టబ్బు నెట్టినట్టు చేస్తున్నానని అందులో ఒకాయన అన్నాడు.

ఆమె నవ్వలేదు. "అక్క, నా చెయ్యి చూడు. నేను వంగినప్పుడే నువ్వు వంగు" అంది.

ఆమె చెప్తే నేను వినడమా అనిపించింది. కానీ తుంగలోంచి బయటపడాలి కదా. ఆమె చేతినే చూస్తూ వంగాను, ఆమెతో పాటే లేచాను. పడవ చక్కగా నడినీళ్లలోకి పోయింది.

"ఆఁ, గిట్ల" అన్నాడు వెనక నుంచి మా ఆయన, మెచ్చుకోలుగా.

ఎవరితో అన్నాడో తిరిగి చూద్దామంటే తెడ్డు తప్పుతుంది. ఇంటికొచ్చాక అడిగాను. ఇద్దరితోనూ అన్నానన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.