మనీషా చెయ్యి పడితేనే

మనీషా రోజూ తంగళ్ళపల్లి నుంచి ఆటోలో సిరిసిల్లకు వస్తుంది. రాజనర్సు సేటు కార్ఖానాలో చీర అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తుంది. ఆమె డిజైన్ ఇస్తేనే సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడతాయి. తండ్రి సత్తయ్య కల్లు గీయడానికి తాటిచెట్లెక్కీ ఎక్కీ నడుము పోగొట్టుకున్నాక ఇంటికి ఆమె జీతమే దిక్కు.

నిరుడు ఆ కంప్యూటర్ మొరాయించింది. దాంట్లో రెండు డిస్కులున్నాయి. దాన్ని నడిపించే సరంజామా అంతా పాతదాంట్లో ఉంది. కొత్తది డిజైన్లు దాచుకోవడానికి తెచ్చిన ఖాళీది. లేవగానే ముందు ఏ డిస్కును చూడాలో కంప్యూటర్‌కు ఒక వరుస ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఆ వరుసను గుర్తుంచుకునేది లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ. అది చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ అంతా మరిచిపోయి, నేరుగా ఖాళీ డిస్కు దగ్గరికి పోయి, అక్కడేమీ దొరక్క నల్లని తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు పెట్టుకుని కూర్చునేది. మనీషా ఒక మీట నొక్కి పాత డిస్కును చూపిస్తే బుద్ధిగా లేచేది.

మొదటిసారి అలా లేపినప్పుడు రాజనర్సు కళ్ళింతలు చేసుకుని చూశాడు. అసలే బోణీ ఎవరి చేత చేయించాలా అని మనుషుల చేతులు వెతికే మనిషి. "నీ చెయ్యి మంచిది బిడ్డా! ఇగ గా స్విచ్చి ఇంకెవ్వలు ముట్టొద్దు" అని కార్ఖానా అంతా వినేలా చాటాడు. పని తక్కువుందని ఆమెను మాన్పించాలనుకుంటున్నట్టు అంతకుముందే మనీషా చెవిన పడింది. బ్యాటరీ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పని నిలబడింది.

పని నిలబడింది సరే, మనిషి ఇరుక్కుపోయింది. కొండగట్టు గుడికి పోయొస్తానంటే "కరెంటు పోతే ఎట్ల?" అనేవాడు. జ్వరమొస్తే "జర వచ్చి స్విచ్చేసి పో" అనేవాడు. పొగుడుతూనే కట్టిపడేయడం రాజనర్సు దగ్గరే నేర్చుకోవాలి.

ఇప్పుడు కోరుట్లలో చెల్లె దీపకు నెలలు నిండాయి. తల్లి లేదు. "అక్కా, కాన్పుకు లోపలికి తీస్కపోయేటప్పుడు నువ్వు పక్కనుంటే చాలు" అని ఫోన్లో బతిమాలింది. మనీషా మాటిచ్చింది. సేటు మాత్రం ససేమిరా అన్నాడు.

మనీషా కొత్త బ్యాటరీ తెచ్చి గుట్టుగా వేసింది. వరుసలో పాత డిస్కును ముందు పెట్టింది. రాజనర్సును పిలిచింది.

"సేటూ, రిపేరు చేసిన. ఇగ ఎవ్వలు ఒత్తినా వస్తది. మీరే ఒత్తుండ్రి."

రాజనర్సు భయంభయంగా ఒత్తాడు. కంప్యూటర్ లేచింది.

"సూసిండ్రా?"

"సూసిన. నువ్వు పక్కన నిలబడ్డవు గద, గందుకే వచ్చింది."

ఈ మనిషికి ఏం చెప్పాలి!

మర్నాడు దీపకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. మనీషా ఎవరినీ అడక్కుండా కోరుట్ల బస్సెక్కింది. వేములవాడ దగ్గరపడుతుండగా రాజనర్సు ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చిందట.

"ఒత్తుండ్రి సేటూ, వస్తది."

"నేను ముట్ట. నువ్వొచ్చేదాక సాంచెలు బందే. పనోళ్ళందరు నీకోసమే కూసున్నరు."

సాంచె ఆడకపోతే వాళ్ళకు కూలి లేదు. మనీషాకు ఏడుపొచ్చింది. "నా చేతుల ఏం లేదు సేటూ! బ్యాటరీ పాడైందని నాకు ముందుగాలనే తెలుసు. చెప్తే పనిలకెళ్ళి తీసేస్తరని చెప్పలే!"

రాజనర్సు నవ్వాడు. "నా మీది కోపంతోటి గట్లంటున్నవు. జల్ది రా బిడ్డా." ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట చెబితే పని పోతుందని ఏడాదిగా భయపడింది. చెప్పింది, పని పోలేదు. పని పోకపోవడం ఇంత ఘోరంగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

వేములవాడలో దిగి, వెనక్కి బస్సెక్కే ముందు చెల్లెకు ఫోన్ చేసింది. "పొద్దుగూకేవరకు వస్తనే" అంది. "సరే అక్కా" అంది దీప.

కార్ఖానాలో మనీషా స్విచ్చి ఒత్తి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకే మీటా ముట్టలేదు. కంప్యూటర్ దానంతటది లేచింది. రాజనర్సు పనివాళ్ళ వైపు తిరిగాడు. "సూసిన్రా? చెయ్యంటే గట్లుండాలె!"

ఆమె డిజైన్ ఇచ్చింది. సాంచెలు మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఫోన్ మోగినా వినిపించలేదు. బయటికొచ్చి చూసుకుని దీప భర్త శ్రీహరికి చేసింది.

"బిడ్డ పుట్టింది వదినా, ఇద్దరు మంచిగున్నరు" అన్నాడతను. మళ్ళీ తనే, "దీప, అక్క వచ్చిందా అని అడుగుకుంటనే లోపలికి పోయింది" అన్నాడు.