అక్క వదిలిన ఖాళీ

కరీంనగర్‌లో మా యాప్‌ల ఆఫీసులో స్క్రీన్లు డిజైన్ చేసే అక్క ఒకామె ఉండేది. మంచిర్యాల వైపు బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఏ స్క్రీన్ పూర్తయినా, బటన్ల మధ్య వదిలిన ఖాళీని గోటితో తట్టి, చెవి ఆనించి వినేది.

ఓసారి ఆసుపత్రి యాప్‌లో అంబులెన్స్ బటన్ చుట్టూ ఉన్న ఖాళీలో ప్రకటన పెడదామన్నాను.

"వద్దు తమ్మీ. వణికే ఏలికి గా బటన్ దొరకాలె. బాయిల కప్పు కూలకుంట నడుమ జర బొగ్గు కంబాల లెక్క ఇడిసిపెడ్తరు. మా బాపు కప్పు గట్టిగున్నదా లేదా అని కట్టెతోటి తట్టి, సప్పుడు ఇన్నంకనే పని షురూ జేసెటోడు. ఒకనాడు ఇడిసిన బొగ్గు గూడ తియ్యమన్నరు. బాపు పైకి రాలే."

అక్క ఇప్పుడు లేదు. నిన్న మేనేజర్ ఆ ఖాళీ నింపమన్నాడు. ప్రకటన తెచ్చి అక్కడ పెట్టాను.

స్క్రీన్ లోపలి నుంచి ఎవరో కట్టెతో తడుతున్నారు.